అరవై నాలుగు గిన్నెల టోపీ

నేను ఒక టోపీని. ఎండకు పెట్టుకునే టోపీని కాను, చలికి కప్పుకునే టోపీనీ కాను. సాగే నీలం గుడ్డ, దానికి కుట్టిన అరవై నాలుగు చిన్న గిన్నెలు, గిన్నె అడుగున వెండి పూత, గిన్నెకొక సన్నని తీగ. ఆ తీగలన్నీ కలిసి నా వెనక జడలా వేలాడుతుంటాయి. మనిషి తలకు నన్ను తొడిగి, గిన్నెల్లో జిగటగా ఉండే మందు నింపితే, మెదడులో పుట్టే సన్నని కరెంటు పుర్రె దాటి నన్ను చేరుతుంది. ఆస్పత్రి వాళ్ళు నన్ను ఈఈజీ టోపీ అంటారు.

నాలో ఒక దుర్గుణం ఉంది. అసూయ. తల మీద ఎక్కి కూర్చునే యోగం ఉండీ అసూయ ఏమిటని మీరు అడగవచ్చు. చెబుతాను.

సముద్రాల అవతల ఒక చిన్న కార్ఖానాలో కళ్ళజోడు పెట్టుకున్న పెద్దావిడ ఒకామె నా గిన్నెలను ఒక్కొక్కటే కుట్టింది. కుట్టినంతసేపూ పక్కావిడతో తన కోడలికి దొరికిన సుఖాల గురించే మాట్లాడింది. నా గుణం నాకు ఆ సూదిలోంచే ఎక్కిందేమో. అక్కడినుంచి పెట్టెలో హైదరాబాదు చేరాను. అక్కడ నా కొలువు ఒక కాలేజీలో. హాజరు కోసం వచ్చిన విద్యార్థుల తలలు, అందులో సగం నన్ను పెట్టుకుని నిద్రపోయే తలలు. మనిషి బుర్రలో ఉన్న గొప్ప రహస్యం తేలుస్తానని బయలుదేరిన ప్రొఫెసరుగారు, ఆరేళ్ళ తరవాత, భోజనం చేశాక మనుషులకు మత్తుగా ఉంటుందని తేల్చి పదవీ విరమణ చేశారు. ఆయన గది ఖాళీ చేసినప్పుడు నన్ను విశాఖపట్నంలో ఒక ఆస్పత్రికి పంపారు. అక్కడ డాక్టర్ నస్రీన్ చేతికి చిక్కాను.

నస్రీన్ ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. ఇంట్లో ఉర్దూ, ఆస్పత్రిలో తెలుగు, విసుగొస్తే రెండూ. ఆమెను పట్టుకున్న ప్రశ్న ఒక్కటే. పెద్ద ప్రమాదం నుంచి బతికి బయటపడ్డవాళ్ళ మెదడు ఒక బొమ్మను ఎలా చూస్తుంది?

బొమ్మ తెరమీద పడగానే కన్ను దాన్ని మెదడు వెనక భాగానికి అందజేస్తుంది. సెకనులో పదో వంతు గడిచేసరికి అక్కడ చిన్న అల ఒకటి లేస్తుంది. తాను చూసింది కుక్కనో కుర్చీనో మనిషికి అప్పటికింకా తెలియదు. భయపడాలా నవ్వాలా అని ఆలోచించనే లేదు. అల మాత్రం లేచేసింది. భయపెట్టే బొమ్మకు కొంచెం ఎత్తుగా, మామూలు బొమ్మకు కొంచెం తక్కువగా. గట్టి దెబ్బ తిన్నవాళ్ళలో ఈ ఎత్తులు మారిపోతాయా అన్నది నస్రీన్ వెతుకులాట. ఒక్క అలను చూసి ఏమీ చెప్పలేం. ఒకే రకం బొమ్మలను మళ్ళీ మళ్ళీ చూపించి, వందల అలలను కలిపి సగటు తీస్తే గాని గీత నిలవదు. ఆ వినే పనంతా నాది.

ఇక్కడే నా కడుపుమంట. కుర్చీకి ఎదురుగా ఒక తెర ఉండేది. బొమ్మలు చూపించడం తప్ప దానికేమీ రాదు. అయినా వచ్చినవాళ్ళందరూ దాన్నే చూసేవారు. గంటసేపు కళ్ళార్పకుండా, ప్రేమించినవాళ్ళను చూసినట్టు. నేను వాళ్ళ తలమీదే ఉండేదాన్ని. నన్ను ఒక్కరూ చూడలేదు. తీసేశాక మాత్రం, "అబ్బ, జుట్టంతా జిగట" అనేవారు.

ఇలా నాలుగేళ్ళు గడిచాక ఒకరోజు ఉదయం పదింటికి సూరాడ తాతారావు వచ్చాడు.

నలభై దాటిన మనిషి. సముద్రం మీద పాతికేళ్ళు పడవ నడిపినవాడు. మూడేళ్ళ కిందట అతని పడవ గాలివానలో బోల్తా పడింది. అతనితోపాటు పడవలో ఉన్నది ఒక్కడే, వాసుపల్లి మసేను, చిన్ననాటి నేస్తం. మసేను పోయాడు. రెండు రాత్రులు నీళ్ళలో ఉన్న తాతారావును మూడోనాటి ఉదయం మరో పడవవాళ్ళు చూసి ఎక్కించుకున్నారు. అప్పటినుంచి అతను పడవ ఎక్కలేదు. ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసేవాడు. ఊళ్ళోని మత్స్యకార సంఘం వాళ్ళు అతని పేరు నస్రీన్‌కు పంపారు.

అతని వెంట భార్య నూకరత్నం కూడా వచ్చింది. సన్నగా, నిటారుగా, ముక్కుకు రెండువైపులా పుడకలతో. నన్ను చూడగానే ఆమె చేసిన మొదటి పని, నన్ను చేత్తో తీసుకుని ఎగాదిగా చూడటం. నా బతుకులో నన్ను నన్నుగా చూసిన మొదటి మనిషి ఆమే.

"ఇది ఎట్టుకుంటే లోపలున్నయ్యన్నీ తెలిసిపోతాయేటమ్మా?" అని అడిగింది.

"అన్నీ కాదమ్మా. బొమ్మ చూసినప్పుడు మెదడు ఎంత గట్టిగా ఉలిక్కిపడిందో, అంతే" అంది నస్రీన్.

"అంతే సాలు" అంది నూకరత్నం, ఏదో తేల్చుకున్నట్టు.

ఆరోజు తాతారావు గంటంపావు కూర్చున్నాడు. తెరమీద మూడు రకాల బొమ్మలు వచ్చాయి. పళ్ళు బయటపెట్టిన కుక్కలు, నెత్తురు, కత్తులు ఒక రకం. నవ్వే పిల్లలు, పూలు, విందు భోజనాలు ఇంకో రకం. మూడోది ఏమీ కాని రకం. కుర్చీ, బక్కెట్టు, ఫ్యాను, గ్లాసు పట్టుకున్న చెయ్యి, బల్లమీద ఆనించిన చెయ్యి, ఇంటిముందు రోడ్డు, ఖాళీ ఇసుక. అతను చెప్పినట్టే మెదలకుండా చూశాడు. నిజానికి నాకు నచ్చిన తల. సముద్రపు ఎండకు ఎండి, నూనె అంటని తల. గిన్నెలన్నీ చక్కగా కూర్చున్నాయి.

అయ్యాక గది మూలనున్న సింకు దగ్గర నూకరత్నం అతని జుట్టు కడిగింది. నన్ను పక్కనే బక్కెట్లో నానబెట్టారు, అందుకే అంతా చూశాను. వెనక నిలబడి కడిగినంతసేపూ అతను పసిబిడ్డలా తల వంచుకునే ఉన్నాడు. కడగడం అయ్యాక ఆమె ఎదురుగా వచ్చి తువ్వాలు అందించడానికి చెయ్యి చాచింది. అతను చప్పున ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె తువ్వాలును కుర్చీమీద పడేసింది. అతను కుర్చీమీంచి తీసుకున్నాడు. ఇద్దరికీ అది రోజూ జరిగేదే అన్నట్టు ఉంది.

అతను టీ తాగుతానని బయటకు వెళ్ళాక నూకరత్నం నస్రీన్ ముందు కూర్చుంది. చీర కొంగు ముడి విప్పి ఒక ఫోటో తీసింది. ఏదో పెళ్ళిలో తీసిన ఫోటో. అందులో ఆమె, పక్కన ఇంకో ఆడమనిషి.

"ఇది కాసులమ్మ. మసేను పెళ్ళాం. మసేను పోయిన కాణ్ణించి మా ఆయన రోజూ ఆళ్ళింటికి ఎల్తాడు. కంచె కడతాడు, నీల్లు తోడతాడు, ఇంటికి తెచ్చిన చేపలో మంచిది ఏరి దానికిస్తాడు. నాను సెయ్యి సాపితే మాత్రం నిప్పు ముట్టుకున్నట్టు ఎనక్కెల్తాడు. మూడేల్లయ్యింది డాట్రమ్మా, నా సేతి అన్నం కంచం అందుకుని. నేల మీద ఎట్టాల, అప్పుడు తీసుకుంటాడు."

నస్రీన్ ఫోటోమీదికి వంగి చూసింది.

"ఈ ఫోటో రెండు ముక్కలు సెయ్యండి. దాని మొకం ఓపాలి, నా మొకం ఓపాలి ఆ తెరమీద ఎయ్యండి. ఎవుల్ని సూత్తే ఆయన తల ఎగురుతాదో నాకు సెప్పండి. ఇంకేటీ ఒద్దు."

"అలా వెయ్యకూడదమ్మా. వేసినా అది తెలియదు. ఇది ప్రేమను కొలిచేది కాదు."

"బయాన్ని కొలుస్తాది గానీ పేమను కొలవదా?"

"ఉలికిపాటును కొలుస్తుంది. ఉలికిపాటుకు కారణం అది చెప్పలేదు."

నూకరత్నం ఫోటోను మళ్ళీ కొంగులో ముడివేసుకుంది. "మరెందుకమ్మా అంత పెద్ద మిషను" అంది.

బక్కెట్లో మునిగి ఉన్న నేను ఆమె పక్షమే. నాకూ ఆ ఫోటోను తెరమీద చూడాలని ఉంది. అసూయపడేవాళ్ళు ఒకరినొకరు ఇట్టే గుర్తుపడతారు. ఆమెకు కాసులమ్మ, నాకు తెర.

మర్నాడు నస్రీన్ కంప్యూటరు ముందు కూర్చుని తాతారావు గీతలు గీయించింది. గీసి చూసి నుదురు కొట్టుకుంది. ఏమీ కాని బొమ్మలకు కూడా అతని మొదటి అల కత్తులకూ నెత్తురుకూ లేచినంత ఎత్తుగా లేచింది. నవ్వే పిల్లలకు మాత్రం చప్పగా ఉంది. ఆమె వెంటనే నన్ను అనుమానించింది. "ఈ టోపీ పాతదైపోయింది. గిన్నెలు సరిగ్గా పట్టడం లేదు" అని గదిలో ఎవరూ లేకపోయినా పైకి అనేసింది. నా జీవితంలో అంత అవమానం ఎరగను. బొమ్మ వేసింది తెర. అబద్ధమాడింది నేనని.

పది రోజుల తరవాత తాతారావును మళ్ళీ రప్పించారు. ఈసారి నా ఒక్కో గిన్నెనూ బ్రష్షుతో రుద్ది, కొత్త మందు నింపి, ఒక్కోటీ సరిచూసుకున్నారు. గీత మళ్ళీ అదే వచ్చింది. అప్పుడు నస్రీన్ చెయ్యవలసిన పని చేసింది. ఏమీ కాని బొమ్మలన్నిటినీ ఒకే కుప్పగా చూడటం మాని విడదీసింది. కుర్చీలు ఒక పక్క, బక్కెట్లు ఒక పక్క. కుర్చీకి అల మామూలుగానే ఉంది. బక్కెట్టుకు మామూలే. రోడ్డుకూ ఇసుకకూ మామూలే. చేతులు ఉన్న బొమ్మలు పన్నెండు. ఆ పన్నెండింటికీ అల నిలువునా లేచింది. గ్లాసు పట్టుకున్న చెయ్యికీ, బల్లమీద ఊరికే ఆనించిన చెయ్యికీ కూడా.

ఆమె కుర్చీని అతని దగ్గరకు లాక్కుంది. నేనింకా అతని తలమీదే ఉన్నాను. నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది.

"తాతారావు గారూ, చేతుల బొమ్మలు వచ్చాయి కదా. అవి చూస్తే ఏమనిపించింది?"

"ఏటీ అనిపించనేదమ్మా. సెయ్యి సెయ్యే గదా."

నిజమే చెప్పాడు. అతనికి ఏమీ అనిపించలేదు. అనిపించేలోపే అయిపోయే సంగతి అది. కానీ ఆ మాట అంటూనే అతని దవడ బిగిసింది. దవడ బిగిస్తే నాకు మెదడు వినబడదు, కండరాల రొద ఒక్కటే వినబడుతుంది. ఆ రొద ఎంతకీ తగ్గలేదు.

"మీ ఆవిడను బయట కూర్చోమననా?" అంది నస్రీన్ నెమ్మదిగా.

"ఉండనీయండి" అన్నాడు. చాలాసేపు తెరనే చూస్తూ ఉండిపోయాడు. తెరమీద ఏమీ లేదు.

"పడవ తిరగబడినప్పుడే మసేను పోనాడని ఊరందరికీ సెప్పినాను. అబద్దం. ఇద్దరికీ ఒక్క డీజిలు డబ్బాయే దొరికింది. ఒక సేత్తో డబ్బా, ఒక సేత్తో ఆడి సెయ్యి. ఓ రాతిరంతా పట్టుకున్నాను. మర్నాడు పగలంతా పట్టుకున్నాను. ఆడు ఇంటి మాటలే సెప్పినాడు. పొద్దు దిగే యేలకి నా యేల్లు నా మాట ఇననేదు. ఒగ్గీసినాను. ఆడు మల్లీ సాపినాడు. నాను సాపనేదు. సాపితే డబ్బా పోతాదని... సాపనేదు. ఆకరికి సెయ్యొక్కటే కనిపించింది."

అతను ఏడవలేదు. గుమ్మంలో నూకరత్నం అలాగే నిలబడిపోయింది. ఆమె వచ్చి అతన్ని పొదువుకుంటుందని నస్రీన్ అనుకుని ఉంటుంది. నేనూ అనుకున్నాను. ఆమె మొహం కోపంతో ఎర్రబడింది.

"మూడేల్లు ఒకే సూరు కింద ఉన్నాం గదా మావా. నాకు సెప్పనేకపోనావు. నా సెయ్యి సూసి జడిసి ఎనక్కెల్తే, నానంటే రోత పుట్టిందనుకున్నాను. దాని మీద మనసయ్యిందనుకున్నాను. అన్నం కంచం కుక్కకెట్టినట్టు నేల మీద ఎట్టినాను. ఆ ముక్క నాకన్నా ముందు ఈ టోపీకి సెప్పినావా?"

నన్ను చూపుడువేలితో చూపించింది. ఒక మనిషి నన్ను చూసి అసూయపడటం అదే మొదటిసారి. గర్వంగా ఉంటుందని అనుకునేదాన్ని. ఉండలేదు. నాకు అతను చెప్పలేదు. నాకు తెలిసింది ఒక గీత, అంతే. చెయ్యి ఎవరిదో, ఎందుకు చాచిందో ఆమెతోపాటే నేనూ అప్పుడే విన్నాను.

తరవాతి సంగతులు నేను చూసినవి కావు. ఎనిమిది నెలల తరవాత వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు, తాతారావు తలకు గిన్నెలు అమర్చుతున్నంతసేపూ నూకరత్నమే నస్రీన్‌కు చెప్పింది. ఆ ఎనిమిది నెలలూ పదిహేను రోజులకొకసారి అతన్ని ఇదే ఆస్పత్రిలో మాటలతో వైద్యం చేసే ఆవిడ దగ్గరకు తీసుకొచ్చింది. మొదటి రెండు నెలలు బస్సులో ఇద్దరూ మాట్లాడుకోలేదట.

ఆ తరవాత ఒక ఆదివారం పొద్దున ఇద్దరూ కలిసి కాసులమ్మ ఇంటికి వెళ్ళారు. తాతారావు వాకిట్లోనే నిలబడి ఉన్నదంతా చెప్పాడు. కాసులమ్మ విని, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నాలుగు రోజులు వీధిలోకి రాలేదు. చేపల అమ్మకానికి రమ్మని తట్టతో ఎవరూ ఆమెను పిలవడానికి వెళ్ళలేదు. ఐదోరోజు తనే వీళ్ళింటికి నడిచి వచ్చింది. తాతారావు వల ముందు కూర్చుని ఉన్నాడు.

"ఎంతసేపు పట్టుకున్నావు?" అని అడిగింది.

"ఓ రాతిరి, ఓ పగలు."

"ఇన్నాల్లూ, తిరగబడగానే నీటి అడుక్కి ఎలిపోనాడనుకున్నాను. ఒక్కడే పోనాడనుకున్నాను. అంతసేపూ మా ఆయనకి తోడున్నావన్నమాట."

అంతే అని, కుండలో నీళ్ళు తాగి, వెళ్ళిపోయిందట.

ఇది చెప్పి నూకరత్నం కొంగు దోపుకుంది. తరవాత అంది: "ఆ మాట నాను అనాల్సింది డాట్రమ్మా. ఆ రోజు ఇక్కడ, ఈ గుమ్మంలో, నానే అనాల్సింది. నాకు తోచనేదు. తగవులాడినాను. దానికి తోచింది. ఇప్పుడు మల్లీ ఆ కాసులమ్మే గొప్పదయ్యింది."

నస్రీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. నూకరత్నం కూడా నవ్వింది, కానీ ఆమె నవ్వు సగంలోనే ఆగింది.

ఆరోజు తాతారావు గీతలో నస్రీన్ ఎదురుచూసింది రాలేదు. చేతుల బొమ్మలకు మొదటి అల ఎప్పటిలాగే ఎత్తుగా లేచింది. సెకనులో పదో వంతు దగ్గర అతను ఇంకా ఆ నీళ్ళలోనే ఉన్నాడు. మారింది దాని తరవాతి గీత. అరసెకను గడిచాక మునుపు ఎంతకీ దిగని అల ఇప్పుడు మెల్లగా కిందికి దిగి సర్దుకుంది. మనిషిని చూసినా అంతే. నస్రీన్ మంచినీళ్ళ గ్లాసు అందించినప్పుడు అతని భుజం ఎగిరింది. అడుగు మాత్రం వెనక్కి పడలేదు. గ్లాసు అందుకుని తాగాడు. నూకరత్నం ఆ గ్లాసునూ, అది అందించిన నస్రీన్ చేతినీ తినేసేలా చూసింది.

ఇంతటితో అయిపోతే నేను ఈ కథ చెప్పేదాన్ని కాదు.

పరిశోధన అన్నాక పోల్చి చూడటానికి ఏ దెబ్బా తగలనివాళ్ళు కూడా కావాలి. అదే ఊరు, అదే వయసు, అదే తిండి, ప్రమాదం మాత్రం జరగనివాళ్ళు. నస్రీన్‌కు అలాంటివాళ్ళు ఇద్దరు తక్కువయ్యారు. "నూకరత్నం గారూ, మీరు కూర్చుంటారా?" అని అడిగింది.

ఆమె మొహం చూడవలసింది. ఇన్నాళ్ళూ అందరూ తాతారావు ఎలా ఉన్నాడని అడిగారు. కాసులమ్మ ఎలా ఉందని అడిగారు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు, మందు రాశారు, అతని బుర్ర గీతలు కాగితం మీద వేసి చూసుకున్నారు. ఆమెకు బయట బెంచీ దక్కింది. "నన్నా? నన్ను కూకోబెడతారా?" అంది, పెళ్ళి పీటమీదకు రమ్మన్నట్టు.

మర్నాడు తలంటుకుని వచ్చింది. అయినా కొబ్బరినూనె పూర్తిగా పోలేదు. ఒత్తైన జుట్టు. గిన్నెలు కూర్చోవడానికి గంట పట్టింది. నేను బిగుతుగా ఉన్నానని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. తాతారావు బయట బెంచీమీద కూర్చున్నాడు.

తెర వెలిగింది. కుక్క, కత్తి, నవ్వే పాప, బక్కెట్టు, చెయ్యి. అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. చేతులకు ఆమె మెదడు ఏమాత్రం ఉలిక్కిపడలేదు. మంచి తల, దెబ్బ తగలని తల, ఇలాంటిదే కావాలి అని నేను అనుకుంటుండగా ఖాళీ ఇసుక బొమ్మ వచ్చింది.

తల వెనకనున్న నా గిన్నెలు ఎనిమిదీ ఒక్కసారి అదిరాయి. మళ్ళీ ఇంకో బొమ్మ, ఎవరూ లేని రోడ్డు. కొంచెమే. మళ్ళీ ఇసుక, నీళ్ళ గీత, మనిషి లేడు, పడవ లేదు. నిలువునా లేచింది. వచ్చిన ప్రతిసారీ లేచింది. తాతారావుకు చేతులను చూసి లేచినంత ఎత్తుగా, దానికన్నా ఒక్క వెంట్రుక ఎక్కువే.

సాయంత్రం నాలుగింటికి నస్రీన్ ఆ గీతను చూసింది. ఈసారి నన్ను అనుమానించలేదు. వరండాలో టీ తాగుతున్న నూకరత్నాన్ని లోపలికి పిలిచింది.

"మీ ఆయన సముద్రంలో ఉన్న ఆ రెండు రోజులూ మీరు ఎక్కడున్నారు?"

నూకరత్నం టీ గ్లాసును బల్లమీద పెట్టింది. మూడున్నరేళ్ళలో ఈ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు.

"ఒడ్డు మీదున్నాను" అంది. "ఎక్కడికెల్తాను? అందరూ ఎలిపోనారు. గాలిలో నిలబడనేక ఎలిపోనారు. నానూ కాసులమ్మా ఉన్నాం. రెండోనాడు అదీ పడిపోతే ఇంటికి మోసుకెల్లిపోనారు. నానొక్కదాన్నే. ఇసక మీద నల్లగా ఏటైనా కనపడితే అదే పడవనుకున్నాను. కాదు. మల్లీ కనపడితే మల్లీ అనుకున్నాను. మూడోనాడు ఆయన్ని తెచ్చినారు. తెచ్చినాక నాకేటి? నా మనిసి వచ్చినాడు గదా. దాని మనిసి రానేదు. నాను ఏడిస్తే దిష్టి ఎట్టినట్టుంటాదని అందరూ అన్నారు. మరి ఏడవనేదు."

"ఇప్పుడు ఒడ్డుకు వెళతారా?"

"ఎల్తాను. ఎల్లకపోతే ఎలగ? చేప అక్కడే గదా దిగుతాది." టీ గ్లాసును పక్కకు జరిపి అంది: "ఎల్లేటప్పుడు తల ఒంచుకుని ఎల్తాను. నీటికేసి సూడను. అది నా అలవాటనుకున్నాను."

నస్రీన్ తన కాగితం తీసుకుని, దెబ్బ తగలనివాళ్ళ జాబితాలో రాసిన నూకరత్నం పేరును కొట్టేసింది. నూకరత్నం తల వంచి చూసింది.

"నన్ను కొట్టీసినారేటి?"

"మీరు ఆ జాబితాలో ఉండకూడదమ్మా."

"మరి ఆయన లిస్టులో రాయండి."

"అందులోనూ కుదరదు. అది ప్రమాదంలో ఉన్నవాళ్ళది. ఒడ్డున నిలబడ్డవాళ్ళకు మా దగ్గర జాబితా లేదు."

"నేకపోతే?"

"పెట్టాలి" అంది నస్రీన్.

నూకరత్నం ఆ కాగితాన్ని తన వైపు తిప్పుకుని, కొట్టేసిన పేరునే చాలాసేపు చూసింది. తాతారావు గుమ్మంలోకి వచ్చి ఎప్పుడు నిలబడ్డాడో ఆమె చూడలేదు. అతను ఎంతవరకు విన్నాడో నాకూ తెలియదు. "రత్నం, బస్సు ఏలయ్యింది" అన్నాడు. ఆమె లేవలేదు. అతను వెళ్ళి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆ బస్సు వెళ్ళిపోయింది. తరవాతిదీ వెళ్ళిపోయి ఉంటుంది. నన్ను కడిగి ఆరేసేసరికి కూడా వాళ్ళిద్దరూ అక్కడే ఉన్నారు. ఆమె చెబుతోంది, అతను వింటున్నాడు.

నేను ఎక్కిన చివరి తల ఆమెదే. ఆ నెలలోనే నా గుడ్డ సాగు పోయింది, మూడు తీగలు తెగాయి. చెత్తలో పడెయ్యడానికి నస్రీన్‌కు మనసు రాలేదు. వరండాలోని అద్దాల బీరువాలో, పాత మైక్రోస్కోపుకూ విరిగిన తూకానికీ మధ్య నన్ను పెట్టారు. చూడటానికి వచ్చే విద్యార్థులు నన్ను చూసి ఈత టోపీ అనుకుంటారు.

నా చోట్లోకి కొత్త టోపీ వచ్చింది. నూటఇరవై ఎనిమిది గిన్నెలట. దాన్ని కడిగి వరండాలోనే ఆరబెడతారు, నాకు కనిపించేలా. నాకన్నా రెట్టింపు చెవులున్నాయని దాని పొగరు. అది విన్నవేమిటో నాకు చెప్పదు.

మొన్న ఒక ఉదయం వరండా నిండా చీరల గరగరలు, గాజుల చప్పుడు. ఎనిమిదిమంది ఆడవాళ్ళు. ఎండకు కమిలిన మొహాలు, ఆస్పత్రి వాసనకు ముక్కులు చిట్లిస్తూ, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ వచ్చారు. ముందు నూకరత్నం. నస్రీన్ ఎదురొచ్చింది. ఆమె చేతిలో కొత్త జాబితా ఉంది. ఎప్పుడో ఒకప్పుడు ఆ ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చూసినవాళ్ళ జాబితా. కొందరి మనుషులు తిరిగి వచ్చారు, కొందరి మనుషులు రాలేదు. నూకరత్నమే ఇంటింటికీ తిరిగి పేర్లు రాయించిందని నస్రీన్ పక్కవాళ్ళతో అంటోంది.

కాసులమ్మ కూడా ఉంది. ఫోటోలో చూసిన మొహమే, జుట్టు మాత్రం నెరిసింది. నస్రీన్ ఆమెను చూసి, "ముందు మీరు రండి" అంది.

నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది. "అదేటమ్మా! ముందు నాను. ఈ లిస్టు పుట్టిందే నా మూలంగా. కొట్టీసిన పేరు నాదా, దానిదా?"

"ఎల్లెల్లు, నువ్వే ఎల్లు" అంది కాసులమ్మ. "నాకెలాగూ బయం."

"బయమేటి? తల నొక్కినట్టుంటాది, అంతే. జిగట మాత్రం పోదు" అని నూకరత్నం కాసులమ్మ మోచెయ్యి పట్టుకుని, ఇద్దరూ ఒకేసారి గుమ్మంలో పట్టకపోయినా, తోసుకుంటూ లోపలికి వెళ్ళింది.

బీరువాకు జానెడు దూరంలోంచే వెళ్ళింది. నావైపు చూడలేదు. చూస్తుందని అనుకున్నాను.

మిగతావాళ్ళు బెంచీమీద సర్దుకుని కూర్చున్నారు. ఒక ముసలావిడ అప్పుడే జడ విప్పుకుంటోంది. ఇంకొకావిడ రెండు చేతులతో తన తలను తడిమి చూసుకుంటోంది, లోపల ఏముందో ముందుగా తనే తెలుసుకోవాలన్నట్టు. ఎనిమిది తలలు. ఒక్కో తల వెనకా ఒక్కో అల. ఒక్కటి తప్ప, ఇన్నేళ్ళూ ఎవరూ వినని అలలు. అవన్నీ ఆ కొత్తదానికి.

తలుపు మూసుకుంది. చాలాసేపటికి లోపలినుంచి నస్రీన్ గొంతు వినిపించింది: "మెదలకండి, మొదటి బొమ్మ వస్తుంది." తరవాత ఏ బొమ్మ వచ్చిందో, ఎవరి అల ఎంత ఎత్తున లేచిందో ఆ కొత్త టోపీకి తెలుసు. నాకు తెలియదు.